ముందు ఊరి నడుమ ఉండి చూడండి

విశాఖకు కొత్తగా వచ్చేవారు సముద్రం కనిపించే ఇల్లే వెతుక్కోవాలని ఒక వ్యాసంలో ఇచ్చిన సలహాతో నేను ఏకీభవించలేకపోతున్నాను. మొదటి పది రోజులు నగరం నడుమనున్న ద్వారకానగర్‌లో, ఆర్టీసీ కాంప్లెక్స్‌కు దగ్గరగా గది తీసుకుంటే, అటు మధురవాడకూ ఇటు గాజువాకకూ సిటీ బస్సులోనే వెళ్లివచ్చి, ఆఫీసు వేళల్లో ప్రయాణానికి ఎంతసేపు పడుతుందో స్వయంగా తెలుసుకోవచ్చు. ఉద్యోగం రుషికొండ దగ్గర ఐటీ సంస్థలున్న కొండల మీదైతే మధురవాడ, ఉక్కు కర్మాగారంలోనైతే గాజువాక లేదా కూర్మన్నపాలెం నయం. ఈ రెండు కొసల మధ్య రోజూ తిరగడం మనిషిని నలిపేస్తుంది.

తీరానికి దగ్గరగా మేము నాలుగేళ్లు అద్దెకున్నాం. ఉప్పుగాలికి కిటికీ ఊచలు తుప్పుపట్టి, వేసిన రంగు పెచ్చులుగా రాలిపోయేది. తలుపు గొళ్లెం రెండుసార్లు మార్చాల్సి వచ్చింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ నగరాన్ని ఎలా కుదిపేసిందో చూసినవారు, ఇంటికి అడ్వాన్సు ఇచ్చే ముందు కిటికీ తలుపులు గట్టిగా పడుతున్నాయో లేదో తప్పక చూస్తారు. ఇక రేవుకు దగ్గరగా, పాత నగరం వైపు ఇల్లు చూసేవారు మేడ మీదికెక్కి పిట్టగోడపై అరచేత్తో రాసి చూడాలి. రేవులోని బొగ్గు నుంచి వచ్చే నల్లటి ధూళి అంటుకుంటే, ఇంట్లో చిన్నపిల్లలో ఉబ్బసం ఉన్న పెద్దలో ఉన్నప్పుడు, అద్దె ఎంత తక్కువైనా ఆ ఇల్లు వద్దనే నా మనవి.