ఆ ట్యూబూ ఈ ట్యూబూ ఒకటి కాదు

వారం రోజులుగా అమలాపురం నుంచి నరసాపురం దాకా మా బంధువులంతా ఒకే సందేశం పంపుతున్నారు. అమెరికాలో సోరియాసిస్‌కు, అంటే చర్మం మీద పొలుసుల మచ్చలు లేచే జబ్బుకు, కొత్త పూత మందులు వచ్చాయట. జబ్బు నెలలో వేళ్లతో సహా పోతుందట. మన దేశంలో కోట్ల మంది రోగులున్నారు కాబట్టి ఆ మందులు అమ్మే ఏజెన్సీ కోసం ఇప్పుడే డబ్బు కట్టాలట. అంత ఖరీదు పెట్టలేనివారు క్లోబెటసాల్ అనే పాత పూత మందు రాసుకోవచ్చట, రెండూ ఒకటేనట. పైన కొబ్బరినూనె పట్టించాలట.

మందులు వచ్చిన మాట నిజం. టాపినరాఫ్‌కు 2022 మేలో, రోఫ్లుమిలాస్ట్ క్రీముకు అదే ఏడాది జులైలో అక్కడ అనుమతి దొరికింది. వేళ్లతో సహా పోవడం మాత్రం అబద్ధం. 12 వారాలు టాపినరాఫ్ రాసినా, చర్మం పూర్తిగానో దాదాపుగానో బాగైంది నూటికి 35 నుంచి 40 మందికే.

ఏజెన్సీ లెక్క ఇంకా అన్యాయం. రోగులందరినీ కొనేవాళ్లుగా లెక్కగట్టారు. అమెరికాలో విడుదలైనప్పుడు ఒక ట్యూబుకు కంపెనీ ప్రకటించిన ధర టాపినరాఫ్‌కు 1,325 డాలర్లు, రోఫ్లుమిలాస్ట్‌కు 825. అక్కడే బీమా లేనిదే చాలామంది కొనలేరు. రాజోలులో కౌలు రైతు కొంటాడా? పైగా డబ్బు కట్టమన్నవారు కంపెనీ పేరైనా రాయలేదు.

నాకు ఒళ్లు మండింది ‘రెండూ ఒకటే’ అన్న మాటకు. ఆ కొత్త మందులు రెండూ స్టెరాయిడ్లు కావు. క్లోబెటసాల్ పూత స్టెరాయిడ్లలోకెల్లా తీవ్రమైన తరగతిది. వరుసగా రెండు వారాలు, వారానికి 50 గ్రాములు దాటకూడదని దాని వాడుక సూచనల్లోనే ఉంటుంది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందు అది. సోరియాసిస్ ఉన్న మా అన్నయ్యకు ఒక మందుల దుకాణంలో అడిగిందే తడవుగా ఇచ్చారు. రెండేళ్లు రాశాడు, గజ్జల్లో కూడా. చర్మం ఉల్లిపొరలా పలచబడింది, తొడల మీద చారలు పడ్డాయి. భయపడి ఒక్కసారిగా మానేస్తే మచ్చలు మునుపటికి రెట్టింపై ఒళ్లంతా పాకాయి. ఊడ్పుల రోజుల్లో చేలోకి దిగలేక గట్టు మీద కూర్చున్నాడు. ఈ సందేశం రాసిన పెద్దమనిషి ఆ గట్టు మీదికి వచ్చి ‘రెండూ ఒకటే’ అనగలడా?

క్లోబెటసాల్ విషమని నేననడం లేదు. డాక్టరు చూసి కొద్దిరోజులకు రాసిస్తే అది మంచి మందే.

కొబ్బరినూనె మాట మాత్రం ఒప్పుకుంటాను. పొలుసులు మెత్తబడతాయి, దురద తగ్గుతుంది. అన్నయ్య ఇప్పుడు స్నానం కాగానే, ఒంటి తడి పూర్తిగా ఆరకముందే రాసుకుంటున్నాడు, డాక్టరు ఇచ్చిన మందుతో పాటు.