రాత్రంతా బయట పెట్టిన నూడుల్స్‌తో షుగర్ పోదు

"హోటల్ ఎందుకు దండగ? ఇంట్లోనే ఘాటైన థాయ్ వీగన్ నూడుల్స్, డాక్టర్లు చెప్పని ఆరు రహస్యాలు" అనే మెసేజ్ ఈపాటికి మీకూ వచ్చే ఉంటుంది. రాలేదంటే మీ స్నేహితులు బుద్ధిమంతులు. నాకు మాత్రం చదువుకున్నవాళ్ళే పంపుతున్నారు, కింద దణ్ణం పెడుతున్న చేతుల బొమ్మ ఒకటి తగిలించి. టోఫు అనే సోయా పాల పనీర్, బియ్యప్పిండి నూడుల్స్, నాలుగు మిరపకాయలు. ఇంత అమాయకమైన వంటలోకి కూడా వైద్యాన్ని దూర్చేశారు. తేలిగ్గా తేలిపోయేవి ముందు తేల్చేసి అసలు గొడవకి వస్తాను.

మొదటి రహస్యం: టోఫు తింటే మగవాళ్ళలో ఆడ హార్మోన్లు పెరుగుతాయి, అందుకని మగవాళ్ళ పళ్ళెంలో పనీర్ వేయండి. పాలతో చేసినవి కూడా ముట్టని వీగన్ వంటలో పనీర్! ఇది రాసినాయన శీర్షిక ఒకసారి పైకి జరిపి చూసుకుంటే బాగుండేది. సోయాలో ఉండే ఐసోఫ్లేవోన్లనే పదార్థాలకి ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్‌తో కొంత పోలిక ఉన్న మాట నిజమే. మగవాళ్ళకి సోయా ఇచ్చి చేసిన పరీక్షలన్నిటినీ కలిపి 2010లో ఒకసారి, 2021లో మరోసారి లెక్క చూశారు. మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ తగ్గలేదు, ఈస్ట్రోజెన్ పెరగలేదు. టోఫుతో ఇంట్లో వచ్చే చిక్కు హార్మోన్లది కాదు, నీళ్ళది. గట్టి టోఫు తెచ్చి, గుడ్డలో చుట్టి, పైన బరువు పెట్టి ఓ ఇరవై నిమిషాలు వదిలేస్తే నీరు దిగిపోతుంది. అలా చేయకుండా వేడి నూనెలో వేస్తే చిటపటలాడి మొహం మీదకి చిందుతుంది, ముక్క బాణలికి అంటుకుని విరిగిపోతుంది.

రెండోది: అజినమోటో విషం, దాని బదులు సోయా సాస్, ఎండు పుట్టగొడుగులు దండిగా వేయండి. అజినమోటోలో ఉన్నది గ్లుటమేట్. సోయా సాస్‌లోనూ, ఎండు పుట్టగొడుగుల్లోనూ నోరూరించేది కూడా అదే. 1908లో కికునే ఇకెడా అనే జపాన్ రసాయన శాస్త్రవేత్త దాన్ని కొంబు అనే సముద్రపు నాచు నుంచి విడదీశాడు. 1968లో ఒక అమెరికన్ వైద్య పత్రికలో అచ్చయిన ఉత్తరం పుణ్యమా అని ఇన్నేళ్ళుగా ఈ భయం నడుస్తోంది. విషం ముందు గుమ్మంలోంచి రాకూడదు గానీ పెరటి గుమ్మంలోంచి వస్తే పర్లేదన్నమాట.

మూడోది: నూడుల్స్‌ని ఉప్పు, నూనె వేసిన నీళ్ళలో పది నిమిషాలు ఉడికించాలి. గోధుమ పాస్తాకి చెప్పే మాట తెచ్చి ఇక్కడ అతికించారు. ఇలా చేస్తే ప్రాణం పోదు, వంట పోతుంది. పాడ్ థాయ్ అనే థాయ్ వేపుడు నూడుల్స్‌కి వాడే సన్నపాటి బియ్యప్పిండి నూడుల్స్‌ని అసలు ఉడికించరు. మామూలు నీళ్ళలో అరగంట, ముప్పావుగంట నానబెడతారు. ఒక పోగు తీసి వేలికి చుడితే విరగకుండా చుట్టుకోవాలి, కొరికితే మాత్రం మధ్యలో ఇంకా కాస్త పచ్చిగా తగలాలి. మిగతా ఉడుకు బాణలిలో, సాస్‌తోనూ గుప్పెడు నీళ్ళతోనూ అవుతుంది. పది నిమిషాలు మరిగించినవాటిని మళ్ళీ మంట మీద తిప్పితే మీకు దక్కేది జిగురు ముద్ద. ఇంకో మాట, నలుగురికీ ఒకేసారి బాణలిలో వేయకండి. వేడి చల్లారిపోయి వేగాల్సినవి ఉడుకుతాయి. ఒకరికో ఇద్దరికో సరిపడా చేసి, మళ్ళీ పెట్టుకోండి.

నాలుగోది వీగన్లకి కోపం తెప్పించాలి: థాయ్‌లాండ్ బౌద్ధ దేశం కాబట్టి అక్కడి సాస్‌లన్నీ శాకాహారమే, ఏ సీసా అయినా నిశ్చింతగా వాడుకోండి. అక్కడి వంటలో ఉప్పదనం చాలావరకు నామ్ ప్లా నుంచి వస్తుంది, అంటే ఊరబెట్టిన చేపల రసం. డబ్బాల్లో దొరికే థాయ్ కూర ముద్దల్లో చాలావాటిలో కపి ఉంటుంది, అది రొయ్యల ముద్ద. ఆయిస్టర్ సాస్ సంగతి పేరే చెబుతోంది, ఆయిస్టర్ అంటే ఆల్చిప్పలోని జీవి. బౌద్ధం పేరు చెప్పి రొయ్యలు తినిపించడం కొత్త పుణ్యం. అలాగని థాయ్‌లాండ్‌లో మాంసం లేని వంటే లేదనుకోకండి. "జే" అని ఒక పద్ధతి ఉంది. చైనా పంచాంగం ప్రకారం తొమ్మిదో నెలలో తొమ్మిది రోజులు ఫుకెట్‌లో పెద్ద ఉత్సవమే జరుగుతుంది, ఎర్ర అక్షరం ఉన్న పసుపు జెండాలు కట్టి జే వంటలు అమ్ముతారు. మాంసం, చేపలు, గుడ్లు, పాలు ఏవీ ఉండవు. వెల్లుల్లి, ఉల్లి కూడా ఉండవు! మన మెసేజ్‌లో ఉన్నదేమో పన్నెండు వెల్లుల్లి రెబ్బలు. వీగన్‌కి వెల్లుల్లితో పేచీ లేదు కాబట్టి హాయిగా వేసుకోండి. సీసా మీద మాత్రం పదార్థాల పట్టీ చదవండి. ఆయిస్టర్ సాస్ స్థానంలో పుట్టగొడుగుల సాస్ దొరుకుతుంది. ఫిష్ సాస్ స్థానంలో సోయా సాస్, కాస్త ఉప్పు, కొంచెం పులియబెట్టిన సోయా ముద్ద వేస్తే రుచికి లోటుండదు, అచ్చం అదే వాసన మాత్రం రాదు.

ఇప్పుడు అయిదోదీ ఆరోదీ కలిపి. మెసేజ్‌లో ఉన్నది ఉన్నట్టు: "రాత్రి వండిన నూడుల్స్ మూత పెట్టి వంటింట్లోనే ఉంచండి, ఫ్రిజ్‌లో పెడితే శక్తి పోతుంది. తెల్లారి వేడి చేసుకుని తింటే పిండిపదార్థం ఒంటికి పట్టదు. నెల తిరిగేసరికి షుగర్ మాత్రలు అవసరం ఉండదు. పాడవుతుందని టెన్షన్ వద్దు, ఘాటు మిరపకాయలు క్రిముల్ని చంపేస్తాయి."

దీని వెనక ఒక నిజం ఉంది, కాదనను. ఉడికిన పిండిపదార్థం చల్లారినప్పుడు అందులో కొంత భాగం మళ్ళీ గట్టిపడి, తేలిగ్గా అరగని రూపంలోకి మారుతుంది. రెసిస్టెంట్ స్టార్చ్ అంటారు. మళ్ళీ వేడి చేసినా కొంత అలాగే ఉంటుంది. తిన్నాక షుగర్ పెరగడం ఒకింత తగ్గొచ్చు. మెసేజ్‌లో ఉన్న నిజం ఇంతవరకే. కానీ ఈ మార్పుకి కావలసింది చల్లదనం. అది ఫ్రిజ్‌లో చక్కగా జరుగుతుంది. వంటింటి గట్టుకి ఏ ప్రత్యేక శక్తీ లేదు. ఆ ఒకింత తగ్గుదలని నమ్ముకుని మాత్రలు ఆపడమంటే కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే.

గట్టు మీద జరిగేది వేరే. బియ్యంలోనూ దాంతో చేసిన వాటిలోనూ బాసిల్లస్ సెరియస్ అనే బాక్టీరియా బీజాలు ఉండే అవకాశం ఉంది. మరిగే నీళ్ళకి అవి చావవు. నూడుల్స్ గోరువెచ్చగా పడి ఉంటే, అంటే 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్యలో గంటల తరబడి ఉంటే, మొలిచి పెరుగుతాయి. వాటిలో కొన్ని రకాలు సెరియులైడ్ అనే విషాన్ని వదులుతాయి. తెల్లారి పొగలు కక్కేలా వేడి చేస్తే బాక్టీరియా చస్తుందేమో గానీ ఆ విషం చెక్కు చెదరదు. తిన్న అరగంట నుంచి ఆరు గంటల లోపు వాంతులు మొదలవుతాయి. వాసన చూసి కనిపెడదామన్నా తేడా తెలియకపోవచ్చు.

2008లో బ్రస్సెల్స్‌లో ఒక 20 ఏళ్ళ విద్యార్థి, వండిన అయిదు రోజుల తర్వాత, అంతదాకా వంటింట్లో బయటే ఉన్న స్పఘెట్టీని మైక్రోవేవ్‌లో వేడి చేసుకుని తిన్నాడు. తెల్లారేసరికి చనిపోయాడు. పాడైంది కాలేయం. అయిదు రోజులెక్కడ, ఒక్క రాత్రెక్కడ అంటారా? నిజమే, ఒక్క రాత్రికి చాలామంది వాంతులు, కడుపునొప్పితో ఓ రోజులో బయటపడతారు. కానీ ఈ సలహా ఇస్తున్నది ఎవరికి? షుగర్ ఉన్నవాళ్ళకి. వాంతులతో ఒంట్లో నీరు పోతే మిగతావాళ్ళ కంటే వాళ్ళకే ప్రమాదం ఎక్కువ, పైగా మాత్రలు కూడా మానేయమంటున్నారు! ఇక మిరపకాయలంటారా, సలసల కాగే నీళ్ళకే చావని బీజాలు మిరప ఘాటుకి కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోతాయా?

"మా ఇంట్లో ఎప్పుడూ ఇలాగే తింటాం, ఏమీ కాలేదు" అని ఒకాయన జవాబు పెట్టాడు. ఆ విషం ప్రతి గిన్నెలోనూ తయారవదు. ఏ గిన్నెలో తయారైందో చూసి చెప్పగలిగే మనిషి కూడా లేడు.

మిగిలితే ఏం చేయాలో చెప్పడానికి రహస్యాలేమీ అక్కర్లేదు. వెడల్పాటి డబ్బాలో పలచగా పరిచి, రెండు గంటల లోపు ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాడు తినేంత మాత్రమే తీసి బాగా వేడి చేయండి. బియ్యపు నూడుల్స్ ఫ్రిజ్‌లో బిరుసెక్కుతాయి, బాణలిలో కాసిని నీళ్ళు చిలకరించి మూత పెడితే మెత్తబడతాయి. ఆ రెసిస్టెంట్ స్టార్చ్ కావాలన్నా ఇదే దారి.

అన్నట్టు, నిమ్మరసం స్టవ్ కట్టేశాకే పిండమని మెసేజ్ చివర్లో ఒక ముక్క ఉంది. అది కరెక్టే, తులసి జాతి ఆకులు కూడా అప్పుడే వేసుకోండి. ఈ అయిదో రహస్యం చదివి మాత్రలు ఆపేసినవాళ్ళెవరైనా మీ ఎరుకలో ఉంటే, ఇవాళే ఫోన్ చేసి మళ్ళీ డాక్టర్ దగ్గరికి పంపండి.