బోరు నీళ్ల ముందు నానో బేజారు

దేశం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా బయటినుంచి కొంటున్నాం. మన నేలలో ఉన్న కాస్తా పైకి రానంటోంది. బావిలో ఒత్తిడి ఉన్నన్నాళ్లు అదే వస్తుంది, తర్వాత నీళ్లు పంపి తోస్తారు. అయినా సాధారణంగా మూడింట రెండొంతులు రాతినే పట్టుకుని కూర్చుంటుంది, అడ్వాన్సు తిరిగిచ్చేదాకా కదలనన్న చెన్నై టి.నగర్ అద్దెవాళ్లలా.

ఈ జాతీయ సమస్యకు పోయిన ఆదివారం మా వంటింట్లో పరిష్కారం దొరికింది.

చమురు బావుల మీద పరిశోధన చేస్తున్న మా మేనల్లుడు భోజనానికొచ్చాడు. "మామయ్యా, వట్టి నీళ్లయితే సందు చూసుకుని నూనెను దాటిపోతాయి. అందుకే జిగురులాంటి పాలిమర్ కలిపి చిక్కబరుస్తారు. రాజస్థాన్‌లో మంగళ అనే చమురు క్షేత్రంలో చేస్తున్నదదే. సబ్బులాంటి సర్ఫ్యాక్టెంట్ వేస్తే జిడ్డు విడుతుంది. దానికి సిలికా నానోరేణువులు, అంటే ఇసుకలో ఉండే సిలికానే కంటికి కనపడనంత సన్నగా, తోడైతే రాయి నూనెను వదిలి నీళ్లను పట్టుకుంటుంది. ప్రయోగశాలలో గెలిచింది కూడా" అన్నాడు పప్పులో నెయ్యి వేసుకుంటూ.

మా అమ్మ గరిటె ఆపింది. "నెల్లూర్లో మేం ఊకబూడిదా, కుంకుడు పిప్పీ పెట్టి అంట్లు తోమేవాళ్లం గదా నాయనా!"

వాడి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఊకబూడిదలో దండిగా సిలికా. కుంకుడులో సర్ఫ్యాక్టెంట్. బూడిదలో క్షారం ఎటూ ఉంది, బావుల్లో అదీ వాడతారట. నానో సైజు ఒక్కటే తక్కువ. "మన పూర్వీకులకు ముందే తెలుసు" అని వాట్సాప్‌లో ఎవడో పంపేలోపు పేటెంటుకు పరిగెత్తాలని నాకు ఆత్రం.

ఈలోగా వాడు చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. మాది బోరు నీళ్లు. సబ్బు ఎంత రుద్దినా నురగ లేదు, తెల్లటి తెట్టు తేలింది.

"మీ బావుల్లో నీళ్లెలా ఉంటాయిరా?"

"చాలాచోట్ల ఇంతకంటే ఉప్పు మామయ్యా" అన్నాడు చిన్నగా. ఉప్పుకి రేణువులు ముద్దకట్టి రాతి సందులు మూసేస్తాయట. పాలిమర్ పలచబడిపోతుందట. మరి ప్రయోగశాలలో గెలిచిందన్నావే అంటే, అక్కడి రాయి బొటనవేలంతేనని బొటనవేలు చూపించాడు. దానికింకా జిడ్డు వదల్లేదు.

"అయితే ఆ బావిలో క్యాను నీళ్లు పోయించండి" అంది అమ్మ.

మా క్యాను కుర్రాడు మూడో అంతస్తుకు మొయ్యడానికి 5 రూపాయలు అదనంగా తీసుకుంటాడు. కిలోమీటరు లోతుకు దింపడానికి ఎంతడుగుతాడో కనుక్కోవాలి.