పద్నాలుగో అంతస్తు బట్టీ

మా టవర్‌లో ఆదివారం ఇల్లు మారాలన్నా, సోఫా ఎక్కించాలన్నా, ముందు పద్నాలుగో అంతస్తు వారి బీరు షెడ్యూలు కనుక్కోవాలి. సర్వీస్ లిఫ్టు ఇప్పుడు వారిది. సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్ట్ గారు సొంతంగా బీరు కాస్తున్నారు. అంతకుముందు ఆయనకు సౌర్‌డో అనే పుల్లరొట్టె పిచ్చి ఉండేది, దానికి ముందు కాఫీ గింజల పిచ్చి. రెండింటినీ హైదరాబాద్‌లోని మా నల్లగండ్ల భరించింది. రొట్టె కాల్చుకుంటే పక్కవాడి ట్యాంకు ఖాళీ కాదు కదా.

కాచేది బ్లాండ్ ఏల్. బీర్లలో దీనంత అమాయకురాలు ఇంకోటి లేదు. బంగారు రంగు, అంటీముట్టని చేదు, మహా అయితే అయిదున్నర శాతం ఆల్కహాలు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు అనుభవజ్ఞులు ముందు దీన్నే చేతికిస్తారు. 19 లీటర్లకు నాలుగు కిలోల పేల్ మాల్ట్, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ, చేదు కోసం కాసిన్ని హాప్స్ పువ్వులు, ఒక ఈస్ట్ ప్యాకెట్టు, నీళ్లు. మాల్ట్‌ను బరకగా పట్టించి 66 డిగ్రీల నీళ్లలో గంటసేపు ఉంచితే గింజలోని పిండి చక్కెర అవుతుంది, ఈ నానబెట్టడమే మాష్. ఆ తీపి నీళ్లే వోర్ట్. దాన్ని వడకట్టి, హాప్స్ వేసి ఇంకో గంట మరిగించి, చల్లార్చి, ఈస్ట్ చల్లి మూత పెట్టడమే. రెడీమేడ్ మాల్ట్ సిరప్ జోలికి పోకుండా ఇలా గింజ దగ్గర్నుంచి మొదలుపెడితే ఆల్ గ్రెయిన్ అంటారు. ఆ రెండు ముక్కలూ పలికేటప్పుడు ఆర్కిటెక్ట్ గారి ఛాతీ కాస్త ముందుకొస్తుంది. బార్లీ పండించింది ఎవరో రైతు, పట్టించింది గిర్నీవాడు, డేగిసా బేగంబజార్‌ది. అయినా ఛాతీ ఆయనదే.

ముందు నీళ్లు. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, బీరుకు మందుల షాపు వాసన పట్టిస్తుంది. నిజమే, దానికి పొటాషియం మెటాబైసల్ఫైట్ చిటికెడు వేస్తే సరిపోతుంది. చిటికెడుతో అయిపోయే పనికి గౌరవం ఏముంది? ఆర్‌ఓ క్యాన్లు దిగాయి. ఆర్‌ఓ యంత్రం నీళ్లలోని ఖనిజాలన్నీ తీసేసింది. అప్పుడు ఆయన జిప్సమ్, కాల్షియం క్లోరైడ్ కొరియర్‌లో తెప్పించి, చిన్న త్రాసు పెట్టుకుని, ఊపిరి బిగబట్టి గ్రాముల లెక్కన మళ్లీ వేశారు.

అసలు వైభవం మరగడం అయ్యాక. వోర్ట్‌ను ఎంత తొందరగా 20 డిగ్రీలకు దించితే అంత మంచిదట. అందుకని రాణిగంజ్‌లో కొన్న రాగి గొట్టాన్ని చుట్టగా చుట్టి డేగిసాలోకి దించి, గొట్టంలోంచి కుళాయి నీళ్లు పారించారు. ఈ పద్ధతి పుట్టిన దేశాల్లో కుళాయి తిప్పితే చల్లటి నీళ్లొస్తాయి. మనది మే నెల, మిట్టమధ్యాహ్నం, ట్యాంకు డాబా మీద. గొట్టంలో పారే నీళ్లకన్నా చల్లగా వోర్ట్ ఎన్నటికీ అవదని బడిపిల్లలకు కూడా తెలుసు. ఆర్కిటెక్ట్ గారు మాత్రం 45 దగ్గర మొండికేసిన థర్మామీటర్‌ను, సర్వర్ పడిపోయిన రాత్రి స్క్రీన్‌ను చూసినట్టు చూసి, కుళాయి ఇంకాస్త తిప్పారు.

ఆ వేడినీళ్లు బాల్కనీ తూము దాటి, పదమూడో అంతస్తు ఆవిడ ఆరబెట్టిన గుమ్మడి వడియాల మీద పడ్డాయి. "ఎవరయ్యా పైన?" అని ఆవిడ కేకేస్తే, "సారీ ఆంటీ, కూలింగ్ నడుస్తోంది" అని జవాబొచ్చింది. ఈలోపు నిక్కర్లు వేసుకున్న స్నేహబృందం దిగి, ఐసు కావాలని తేల్చింది. ఇంట్లో ట్రేలు ఖాళీ అయ్యాయి. ఎదురింటివి, పక్కింటివి ఖాళీ అయ్యాయి. చివరికి ఎవరో చేపల మార్కెట్టుకి కారేసుకుని వెళ్లి, గోనెసంచుల్లో ఐసు గడ్డలు తెచ్చారు. లిఫ్టు నిండా రొయ్యల వాసన. పొద్దున్నించీ గరిటె మీద, మూత మీద, చివరికి తన మోచేతుల మీద కూడా శానిటైజర్ కొట్టుకుంటున్న మనిషి ఆ గడ్డల్ని పిల్లల గాలి టబ్బులో పేర్పించి, నడుమ డేగిసా కూర్చోబెట్టారు. టబ్బు ఓ పక్కకు ఒరిగింది. నలుగురు ఇంజినీర్లు నాలుగు వైపులా పట్టుకుని, పట్టు విడవకుండా సెల్ఫీ దిగే మార్గం ఆలోచిస్తూ నిలబడ్డారు. గడ్డలు మోసుకొచ్చిన వాచ్‌మన్ డేగిసాలోకి తొంగిచూసి, "దావత్ ఉన్నదనుకుంటి సార్, ఇదేందో గంజి లెక్క ఉన్నది" అన్నాడు. "గంజి కాదు, వోర్ట్" అన్నారు ఆర్కిటెక్ట్ గారు, క్షమిస్తున్న గొంతుతో.

ఈ సర్కసు అక్కర్లేదు. నీటి ఎద్దడి తెలిసిన ఆస్ట్రేలియాలో చాలామంది మరిగే వోర్ట్‌ను వేడికి తట్టుకునే ప్లాస్టిక్ క్యాన్‌లోకి వంచి, మూత బిగించి, రాత్రికి వదిలేస్తారు. దానంతటదే చల్లారుతుంది. నార్వే రైతులు తరతరాలుగా కాపాడుకున్న క్వైక్ అనే ఈస్ట్ అయితే 35 డిగ్రీల్లో కూడా చక్కగా పులియబెడుతుంది, మన ఎండలకు సరిగ్గా సరిపోతుంది. ఆర్కిటెక్ట్ గారికి ఇవి తెలియక కాదు. ఇంట్లో ఓ మూల క్యాన్ కూర్చుని చల్లారుతుంటే రీల్ ఎవరు చూస్తారు? మా టవర్‌కు వేసవి నీళ్లు ట్యాంకర్‌లో వస్తాయి. ట్యాంకర్ రాని పూట వాచ్‌మన్ భార్య సెల్లార్‌లో రెండు బిందెలతో వంటా స్నానాలూ కానిస్తుంది. బాల్కనీలోంచి ఆ ధార పడుతున్నంతసేపూ ఆమె కిందే ఉంది.

తర్వాత ఫ్రిజ్‌లో 18 డిగ్రీల దగ్గర రెండు వారాల నిద్ర. వారి పాలూ పెరుగూ మా ఫ్రిజ్‌కు వలసొచ్చాయి. నానిన గింజలు గేదెల పాకకు వెళ్లాయి. ఈ వ్యవహారం మొత్తంలో నిజంగా లాభపడింది ఆ గేదెలొక్కటే.

ఆపైన డాబా మీద రుచి సభ. గ్లాసుతో పాటు క్యూఆర్ కోడ్ ఒకటి చేతికిచ్చి, రంగుకెన్ని మార్కులు, వాసనకెన్ని, నోట్లో బరువుకెన్ని అని అడిగారు. మా టవర్‌లో ఓ రిటైర్డ్ ఎక్సైజ్ అధికారి ఉన్నారు. సర్వీసులో ఉండగా ఊళ్ల మీద దాడులు చేసి బెల్లం ఊట డ్రమ్ములు పారబోయించిన పెద్దమనిషి. ఆయన రెండు గ్లాసులు పూర్తిచేసి, మీసం తుడుచుకుని, "బాడీ కొంచెం పలచగా ఉంది, మాష్ ఓ రెండు డిగ్రీలు పెంచి చూడండి" అన్నారు.

పెంచాలట! లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం నేరం. ఇంట్లో తాగడానికే కదా అంటే కుదరదు. ఆర్కిటెక్ట్ గారిని కదిపితే 1978లో అమెరికా అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం వినిపిస్తారు. ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి ఏడాదికి 200 గాలన్లు, అంటే 757 లీటర్లు, పన్ను లేకుండా కాచుకోవచ్చు. నల్లగండ్ల ఇంకా అమెరికాలో కలవలేదు సార్ అని గుర్తుచేస్తే వింతగా చూస్తారు. ఆయన లెక్కలో ఎప్పుడో కలిసింది.

మన దగ్గరున్నది 1986 నాటి పీడీ చట్టం, అంటే ముందస్తు నిర్బంధ చట్టం. దాని పూర్తి పేరు చదవండి. బందిపోట్లకన్నా, గూండాలకన్నా ముందు నిలబెట్టింది బూట్‌లెగ్గర్లను. లైసెన్సు లేకుండా మద్యం తయారుచేసినా, దాచినా, పంచినా ఆ పేరు కిందికే వస్తారు. ప్రజాశాంతికి భంగమని అధికారికి అనిపిస్తే విచారణ లేకుండా ఏడాది దాకా లోపల ఉంచొచ్చు. ధూల్‌పేట గుడుంబా మీద ప్రయోగించింది దీన్నే. గుడుంబా ప్రాణాలు తీసింది, సంసారాలు కూల్చింది, దాన్ని ఆపాల్సిందే. బ్లాండ్ ఏల్‌కు ఆ పాపం లేదు, ఒప్పుకుంటాను. కానీ ఆ ధూల్‌పేటలో వినాయకుడి బొమ్మల పని అయిపోయి పొయ్యి మీదికి ఏమీ లేని ఇంట్లో ఊట దొరికితే, ఆ ఇంటి ఆడమనిషిని డ్రమ్ముల పక్కన నిలబెట్టి ఫొటో తీసి పేపర్లో వేస్తారు. ఈయన తన డ్రమ్ము పక్కన తనే నిలబడి ఫొటో తీసుకుని తనే వేసుకుంటాడు, కింద చప్పట్లు. నల్లబెల్లం అమ్మిన కిరాణావాడి మీద కూడా కేసు. ఈయనకు మాల్ట్ గుమ్మం దాకా డెలివరీ. ఆమె బతుకు కోసం పులియబెడితే నేరం, ఈయన పొద్దుపోక పులియబెడితే కళ! సిగ్గు లేదూ మనకి? క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి అయిదు చుక్కలిచ్చిన మా టవర్ మొత్తానికి లేదు.

వచ్చే నెల అసోసియేషన్ మీటింగు నోటీసు లిఫ్టులో అంటించారు. ఎజెండాలో రెండే అంశాలు. ఒకటి, క్లబ్‌హౌస్‌లో బ్రూయింగ్ వర్క్‌షాప్‌కు అనుమతి, మంచినీళ్ల కేటాయింపు. రెండు, రాత్రి డ్యూటీకి కల్లు తాగి వచ్చాడన్న ఫిర్యాదు మీద వాచ్‌మన్ జీతంలో కోత.