తల్లుల పత్రికలు హైటెక్ సిటీతో పుట్టాయట!

ఈ మధ్య హైదరాబాద్ అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: తల్లుల కోసం లైఫ్‌స్టైల్ పత్రికలు హైటెక్ సిటీ వచ్చాకే మొదలయ్యాయి, అంతకుముందు మన అమ్మమ్మలకు పత్రికలే లేవు, ఉన్న ఒకటీ అరా మగవాళ్లు నడిపినవే, వాటిలో వంటలూ వ్రతాలే తప్ప ఏమీ ఉండేవి కావు, ఐటీకి ముందు నగరంలో ఆడవాళ్ల కోసం ఏమీ లేదు. దాని కింద చప్పట్లే చప్పట్లు!

ముందు తేదీల సంగతి. హైటెక్ సిటీలో మొదటి భవనం సైబర్ టవర్స్ ప్రారంభమైంది 1998లో. కందుకూరి వీరేశలింగం ఆడవాళ్ల కోసం ‘సతీహితబోధిని’ పెట్టింది 1883లో. అమెరికాలో ‘లేడీస్ హోమ్ జర్నల్’ మొదలైందీ ఆ ఏడాదే. వీరేశలింగం గారిది రాజమండ్రి కదా, మన ఊరి సంగతేమిటి అంటారేమో. హైదరాబాద్‌లో 1890ల నాటికే ముహిబ్ హుసేన్ ఉర్దూలో ఆడవాళ్ల పత్రిక ‘ముఅల్లిమ్-ఎ-నిస్వాన్’ నడిపాడు, పర్దా పద్ధతిని అందులో గట్టిగా విమర్శించాడు. తర్వాత సుగ్రా హుమాయూన్ మీర్జా ‘అన్నిసా’ అనే ఆడవాళ్ల పత్రికకు సంపాదకురాలైంది. హుమాయూన్ నగర్‌లో ఆమె ఆడపిల్లల కోసం పెట్టిన సఫ్దరియా స్కూల్ ముందు నుంచి రోజూ వెళ్లేవాళ్లు కూడా ఈ ఫార్వర్డ్‌ను పంచుకునే ఉంటారు.

మగవాళ్లే నడిపారన్న మాట మొదటి తరానికి కొంత నిజమే. 1902లో ఏలూరు నుంచి వచ్చిన ‘హిందూ సుందరి’ యజమాని సత్తిరాజు సీతారామయ్య. కానీ సంపాదకులుగా మోసలికంటి రమాబాయమ్మ, వెంపలి శాంతాబాయమ్మ ఉన్నారు. కాకినాడలో పులుగుర్త లక్ష్మీనరసమాంబ ‘సావిత్రి’ని సొంతంగా నడిపింది. ఆవిడ వీరేశలింగం పంతులు చెప్పిన వితంతు వివాహాలను ఒప్పుకోలేదు. ఆ అభిప్రాయం మనకు నచ్చకపోవచ్చు, నాకూ నచ్చదు. అంత పెద్దాయనతో అచ్చులో తలపడిన మనిషిని ఎవరో నడిపిస్తే నడిచింది అనడం మాత్రం అన్యాయం. అదే ఊళ్లో వింజమూరి వెంకటరత్నమ్మ ‘అనసూయ’ పత్రిక నడిపింది. జానపద గాయని వింజమూరి అనసూయాదేవి ఆమె కూతురే. పిల్లల్ని పెంచుతూ పత్రిక తీసుకొచ్చిన ఈ తల్లిని ‘మోడర్న్ మదర్’ అనకపోతే ఇంకెవర్ని అంటాం?

వంటలూ వ్రతాలేనా? భండారు అచ్చమాంబ రాసిన ‘ధనత్రయోదశి’ కథ 1902లో ‘హిందూ సుందరి’లోనే వచ్చింది. చాలీచాలని జీతంతో నెట్టుకొచ్చే గుమాస్తా పండగ ముందు యజమాని డబ్బు కాజేసి ఇంటికి తెస్తాడు. భార్య మందలించి ఆ డబ్బు వెనక్కి ఇప్పిస్తుంది. ఇది వంటింటి చిట్కాల లెక్కలోకి రాదు కదా! ఇక ‘గృహలక్ష్మి’. ఆయుర్వేద వైద్యుడు కె.ఎన్. కేసరి 1928లో మద్రాసులో పెట్టిన పత్రిక. తాను తయారుచేసే ఆడవాళ్ల టానిక్ ‘లోధ్ర’ ప్రచారానికీ దాన్ని వాడుకున్నాడు. తల్లి ఆరోగ్యం గురించి రాసి ఆ పక్కనే సీసా అమ్మడం ఈనాటి ఇన్‌ఫ్లుయెన్సర్లు కనిపెట్టిన విద్యేం కాదన్నమాట. తేడా ఏమిటంటే, ఆయన రచయిత్రులకు స్వర్ణకంకణం తొడిగేవాడు. ఇప్పుడు మనకు దక్కేది డిస్కౌంట్ కూపన్.

అమ్మమ్మలకు పత్రికే లేదన్న మాటను మాత్రం పూర్తిగా కొట్టిపారేయలేను. 1901 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద చదువొచ్చిన ఆడవాళ్లు నూటికి ఒకరు కూడా లేరు. ఆ పత్రికలు ఎక్కువగా చేరింది చదువూ కాస్త తీరికా ఉన్న అగ్రకులాల ఇళ్లకే. పొలంలో నాట్లేసిన అమ్మమ్మకు అవి అందలేదు. ‘మా అమ్మమ్మ దాకా రాలేదు’ అని రాసి ఉంటే నాకు ఏ పేచీ లేదు. అసలు లేనే లేవనడంతోనే వచ్చింది చిక్కు.

ఐటీకి ముందు నగరంలో ఏమీ లేదన్న చివరి ముక్క ఇంకా విచిత్రం. 1991లోనే ఆడవాళ్ల ఆరోగ్యం మీద ‘సవాలక్ష సందేహాలు’ పుస్తకం ఇక్కడి నుంచి తెలుగులో వచ్చింది. డాక్టర్ని అడగడానికి మొహమాటపడే సంగతులన్నీ అందులో సూటిగా ఉన్నాయి. 1993లో కొండవీటి సత్యవతి సంపాదకత్వంలో స్త్రీవాద పత్రిక ‘భూమిక’ మొదలైంది. ఇంట్లో దెబ్బలు తింటున్న ఆడవాళ్లు ఫోన్ చేయడానికి 2006లో ఆ పత్రిక వాళ్లే హెల్ప్‌లైన్ కూడా పెట్టారు.