పులుసు మరగని ఇల్లు

2023 ఆగస్టులో హైదరాబాద్ శివార్లలోని కోకాపేట నియోపొలిస్ భూముల వేలంలో ఎకరం 100.75 కోట్ల రూపాయలు పలికింది. అంత ధర పెట్టిన నేలలో ఏమి పండుతుందని పాతకాలపు మనుషులు అమాయకంగా అడిగారు. ఫాల్స్ సీలింగ్ పండుతుంది. ఎకరాల మీద నలభై అంతస్తులు లేచాక ఒక్కో కొనుగోలుదారుడికి దక్కే అవిభాజ్య భూమి వాటా కొన్ని గజాలు. అవి ఎక్కడున్నాయో చూపించమంటే బిల్డరు కూడా చూపించలేడు. కాళ్ల కింద నేల లేనివాడికి తల మీద కప్పైనా ఘనంగా ఉండాలి కదా! లగ్జరీ ఇళ్ల క్రయవిక్రయాల్లో ఇంటీరియర్ డిజైన్ పాత్రను గంభీరంగా పరిశీలించవలసిన అవసరం ఇక్కడ మొదలవుతుంది.

ముందు నమూనా ఫ్లాటు. అందులో మంచం మామూలు మంచం కన్నా జానెడు పొట్టిగా ఉండవచ్చు. దాని మీద కాళ్లు చాపి చూసే కొనుగోలుదారుడు ఇంకా పుట్టలేదు కాబట్టి గది విశాలంగానే ఉంటుంది. కొన్ని గదులకు తలుపులే ఉండవు, తలుపు తెరుచుకునే జాగా అలా మిగులుతుంది. బీరువా ఉండాల్సిన చోట నిలువెత్తు అద్దం పెడితే ఒక గది రెండవుతుంది. ఇళ్ల కొనుగోలుదారుల రక్షణకు వచ్చిన 2016 నాటి రెరా చట్టం కార్పెట్ ఏరియాను చక్కగా నిర్వచించింది. బయటి గోడలు, బాల్కనీలు, పైపులు వెళ్లే షాఫ్టులు తీసేస్తే మనిషి వాడుకోవడానికి మిగిలేది అదే. నమూనా ఫ్లాటును నమ్మి నష్టపోయినవారికి పరిహారం ఇవ్వాలని అదే చట్టం 12వ సెక్షన్ చెబుతోంది. అయితే అద్దంలో కనిపించే రెండో గదిని ఏ ఏరియా కింద లెక్కగట్టాలో శాసనకర్తలకు తట్టలేదు. సవరణ అవసరం.

అసలు విషయం వంటగది. ఇప్పుడు పెద్ద ఇళ్లలో వంటగదులు రెండు. ఒకటి చూడటానికి, ఇంకొకటి వండటానికి. చూసేదాని పేరు డ్రై కిచెన్. నడిమధ్య పొడవాటి గట్టు, దాని ముందు ఎత్తు కుర్చీలు, గాజు గిన్నెలో ఆకుపచ్చ యాపిళ్లు. ఆ యాపిళ్లు తినడానికి కావు. రెండోది వెనకవైపు తలుపు మూసి ఉంచే వెట్ కిచెన్. ఇంగువ, మెంతులు, ఎండుచేపలు, వంటమనిషి అన్నీ అందరూ అక్కడే. దీన్ని డాబు అని కొట్టిపారేసేవారు బడిలో రసాయన శాస్త్రం సరిగ్గా చదువుకోలేదు. ఇటలీ పాలరాయి అంటే క్యాల్షియం కార్బొనేట్. ఆమ్లం తగిలితే మెరుపు పోతుంది. మన వంటలో ఆమ్లం లేనిది చెప్పండి చూద్దాం. చింతపండు, నిమ్మకాయ, గోంగూర, మామిడికాయ, చివరికి మజ్జిగ కూడా పుల్లనిదే. వీటన్నింటికీ తోడు పసుపు. ఇటలీలోని కరారా నుంచి ఓడలో వచ్చిన రాయిని కాపాడుకోవాలంటే గుంటూరు నుంచి వచ్చిన అలవాట్లను గదిలో పెట్టి గడియ వేయక తప్పదు. మరి చింతపండుకు లొంగని రాయే లేదా? ఎందుకు లేదు, ప్రకాశం జిల్లా చీమకుర్తిలో ఉంది. నలుపు మీద బంగారు చుక్కలతో మెరిసే గెలాక్సీ గ్రానైట్. అందుకే దాన్ని ఓడలెక్కించి పులుసు అంటే ఏమిటో తెలియని దేశాల వంటగట్లకు పంపిస్తున్నాం.

వాకిట్లో, క్షమించాలి, ఫోయర్‌లో బుద్ధుడు తప్పనిసరి. రాజభవనాన్ని, ఆలుబిడ్డలను అర్ధరాత్రి వదిలి వెళ్లిన మనిషినే ఆరు వేల చదరపు అడుగుల ఇల్లు అమ్మిపెట్టే పనికి కుదుర్చుకున్నారు. ఆయన పక్కన ఒక తిరగలి, దాని మీద స్పాట్‌లైటు. అమ్మమ్మ దాన్ని తిప్పి తిప్పి భుజం నొప్పి తెచ్చుకుంది గానీ దానికి దీపం పెట్టాలన్న ఆలోచన ఆవిడకు రాలేదు.

ఇదే ఇంటిని మళ్లీ అమ్మే రోజు వచ్చిందనుకుందాం. బ్రోకరు సలహాలు స్పష్టంగా ఉంటాయి. దండ వేసిన తాతగారి ఫొటో దించాలి. ఫ్రిజ్ మీది బీపీ మాత్రలు దాచాలి. ఆవకాయ జాడీలు పక్కింటికి, మామగారు క్లబ్‌హౌస్‌కు వెళ్లాలి. కొనేవాడు ఇంట్లో తన బతుకును ఊహించుకోవాలంటే అమ్మేవాడి బతుకు ఎక్కడా కనిపించకూడదట. అలా అన్నీ సర్దాక కొనేవాడు వాస్తు పండితుణ్ణి వెంటబెట్టుకుని వస్తాడు. వాల్‌నట్ వెనీర్‌ను నిమురుతాడు, ప్లైవుడ్ నీళ్లకు తట్టుకునే 710 గ్రేడేనా అని అడుగుతాడు, ప్రొఫైల్ లైట్లను వెలిగించి ఆర్పి చూస్తాడు. ఇంటీరియర్‌కు ఎంతయిందో విని గౌరవంగా తలూపి, ఆ మొత్తమూ కలిపే ధర ఒప్పుకుంటాడు. రిజిస్ట్రేషన్ అయిన మర్నాడు సుత్తులు వస్తాయి. పొయ్యి ఆగ్నేయానికి ఇంకో రెండడుగులు జరగాలి, ఆ వెనీర్ రంగు ఇంటావిడకు నచ్చలేదు. లక్షలు పోసిన అలంకారం హారతి కర్పూరంలా పోతుంది. ఎవరూ బాధపడరు, అది చేయాల్సిన పని అప్పటికే చేసేసింది.

ఆ పని ఏమిటో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు బయట నిలబడితే ఇంకా బాగా తెలుస్తుంది. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 2021 నుంచి 7.5 శాతం. ఆదాయపు పన్ను చట్టం దృష్టిలో మనం వాడుకునే సోఫాలు, మంచాలు వ్యక్తిగత వస్తువులే, మూలధన ఆస్తి కావు, అంటే అమ్మినా మూలధన లాభాల పన్ను పడదు. ఈ రెండు ముక్కలూ పక్కపక్కన చదివిన మేధావి ఎవరో గానీ, దస్తావేజులో ఇంటి ధర తగ్గించి మిగిలినది 'ఇంటీరియర్స్' పేరుతో వేరే కాగితం మీద రాసుకునే సంప్రదాయాన్ని కనిపెట్టాడు. అలాంటి కాగితాల్లో సోఫా ఖరీదు చూస్తే దాని లోపల ఒక పడకగది కూడా ఉందేమో అనిపిస్తుంది. మన దేశంలో కళకు విలువ లేదనేవారు ఆ కాగితాలు ఒకసారి చదవాలి.

ఈ పరిశీలనల దృష్ట్యా ప్రభుత్వానికి ఒక వినతి. ఇంటి ధరను పెంచేది అలంకారం, తగ్గించేది కాపురం అని తేలిపోయింది కనుక ఈసీలో (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో) తనఖాల వివరాలతో పాటు కాపురం వివరాలు కూడా నమోదు చేయాలి. ఎన్ని సంక్రాంతులకు అరిసెలు వండారు, ఏ గోడ మీద పిల్లలు పెన్సిలుతో గీశారు, ఇటలీ రాయి మీద రోకలి ఎన్నిసార్లు పడింది, అన్నీ ఉండాలి. చేపల పులుసు మరిగినట్లు రుజువైన ఫ్లాట్లను ఆలస్యం చేయకుండా, రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తులుండే 22ఏ నిషేధిత జాబితాలో చేర్చాలి. అభ్యంతరాలు ఉన్నవారు ముప్పై రోజుల్లోగా డ్రై కిచెన్‌కు వచ్చి, యాపిళ్లు ముట్టుకోకుండా, రాతపూర్వకంగా సమర్పించవచ్చు.