నంబరొక్కటి చూసి ఆయిల్ పోయకండి

మిషన్లకు పోసే ఆయిళ్ల మీద మీరు వేసిన వ్యాసంలో 'గ్రేడ్ నంబరు కలిస్తే ఏ ఆయిలైనా ఒకటే' అని రాశారు. తప్పండీ. డబ్బా మీద ఉండే ఐఎస్ఓ వీజీ (చిక్కదనం గ్రేడ్) 46 అంటే 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర చిక్కదనం 46 సెంటిస్టోక్స్ (చిక్కదనం కొలత), పది శాతం అటూ ఇటూ. అంతే. లోపల ఏం కలిపారో ఆ నంబరు చెప్పదు.

ముడి చమురు నుంచి బేస్ ఆయిల్ (మూల నూనె) తీయడం (వాక్యూమ్ డిస్టిలేషన్, సాల్వెంట్‌తో ఆరోమాటిక్స్ లాగేయడం, మైనం తీయడం) బాగానే వివరించారు. కానీ ఆయిల్ గుణం తేలేది ఆ తర్వాత, మందులు కలిపే బ్లెండింగ్‌లో. ఒత్తిడితో మిషన్‌ని కదిలించే హైడ్రాలిక్ ఆయిల్‌కి అరుగుదల ఆపే జింకు మందు కొద్దిగా, బరువు మోసే గేర్ ఆయిల్‌కి గంధకం, భాస్వరం.

మన చీమకుర్తి క్వారీల సంగతే తీసుకోండి. రాయి తొలిచే జాక్‌హామర్‌కి వెళ్లే గాలిలో నూనె కలిపే డబ్బా, అదే లైన్ ఆయిలర్‌లో హైడ్రాలిక్ ఆయిల్ పోస్తే ఏమవుతుంది? కంప్రెసర్ గాలితోబాటు నీళ్లొస్తాయి. హైడ్రాలిక్ ఆయిల్ నీటిని తనలో కలుపుకోకుండా వేరు చేసేలా తయారైంది, కాబట్టి ఆ నీళ్లు పిస్టన్ మీది పొరను కడిగేస్తాయి. రాక్ డ్రిల్ ఆయిల్ నీటిని తనలో కలుపుకుని జిగురుగా అంటుకునే ఉంటుంది. వాడేసిన ఇంజన్ ఆయిల్ ఇంకా ఘోరం: మసి వాల్వుకి పడుతుంది, తుంపర డ్రిల్లర్ ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

నూనె సరిగ్గా అందుతోందో లేదో తెలియాలంటే, జాక్‌హామర్ గాలి బయటికొచ్చే ఎగ్జాస్ట్ ముందు అట్టముక్క కాసేపు పట్టి చూడండి. పల్చని నూనె మరక పడితే సరే. చుక్కలు కారితే ఎక్కువైనట్టు. పొడిగా ఉంటే మాత్రం మిషన్ ఆపి ముందు ఆయిలర్ చూడండి.